రాజపాళయంలో సాంబారు పొట్లం

తమిళనాడులో రైలు దిగీ దిగగానే తెలుగు వినిపించే ఊళ్లు కొన్ని ఉన్నాయి. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం వాటిలో ఒకటి. చెన్నై ఎగ్మూరులో రాత్రిపూట పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మదురై, విరుదునగర్, శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా తెల్లవారేసరికి అక్కడ దింపుతుంది. ఊరికి పడమట గోడ కట్టినట్టు పశ్చిమ కనుమలు. ఆ కొండల కింద మామిడి తోటలు, కొబ్బరి తోటలు. ఊళ్లో నూలు మిల్లులు. ఎండాకాలంలో కూడా పొద్దున్నే కొండ మీంచి చల్లని గాలి వస్తుంది గాని, తొమ్మిది దాటాక ఆ గాలి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

మన పాఠకుల్లో చాలామందికి ఈ ఊరి పేరు రెండు కారణాల చేత తెలిసి ఉంటుంది. ఒకటి, తెల్లని ఒళ్లు, గులాబీ రంగు ముక్కు గల ఇక్కడి వేటకుక్క. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల కూడా వేసింది. రెండోది, ఇక్కడి రాజులు. విజయనగర, నాయక ప్రభువుల కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చి స్థిరపడ్డామని చెప్పుకునే కుటుంబాలివి. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 1936లో పి.ఏ.సి. రామస్వామి రాజా ఇక్కడే రాజపాళయం మిల్స్ స్థాపించారు. నేటి రాంకో సంస్థలకు అదే మొదలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వ్యాపారంలో రెండూ. వాళ్ల తెలుగు మొదట మన చెవికి కాస్త వింతగా తోస్తుంది. రెండు రోజులుంటే మన నాలుకే అటు తిరిగిపోతుంది.

నేను వెళ్లింది మాత్రం చరిత్ర కోసమూ కాదు, కుక్కల కోసమూ కాదు. సాంబారు కోసం.

చెన్నైలో నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలు ఒకామె పెళ్లయి ఆ ఊరు వెళ్లింది. పేరు రాస్తే ఊరుకోనని ముందే బెదిరించింది కనుక స్నేహితురాలనే రాస్తున్నాను. కొన్నేళ్లుగా ఇంటి వెనుక వంటశాల కట్టించి, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం టిఫిన్లు చేయించి ఊళ్లో పంపిస్తోంది. ఆర్డర్లు ఫోనులో వస్తాయి. ఇద్దరు కుర్రవాళ్లు స్కూటర్ల మీద పట్టుకెళతారు. రోజుకు నూట ఇరవై భోజనాలు. అందులో సగం ఒక్క ఆఫీసుకే. ఆ ఆఫీసువాళ్లు మొన్న వేసవిలో కబురు పెట్టారు: వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ప్లాస్టిక్ డబ్బాలో భోజనం వస్తే గేటు దాటనివ్వరు. మట్టిలో కలిసిపోయే సరుకులో పెట్టి పంపాలి. భోజనం ధర మాత్రం పెంచకూడదు. కుదరకపోతే చెప్పండి, వేరేవాళ్లను చూసుకుంటాం అన్నారట, చాలా మర్యాదగానే.

"పారిస్ కార్నర్‌లో టోకు దుకాణాలున్నాయి కదే, ఎన్ని రకాలు దొరికితే అన్ని నమూనాలు పట్టుకురా. వేడి సాంబారు పోస్తే తట్టుకుంటుందా, లేదా? నాకు కావలసింది అదొక్కటే" అని ఆమె ఫోను. అలా ఒక పెద్ద గోనెసంచి నిండా ఖాళీ డబ్బాలు పెట్టుకుని రైలెక్కాను. పక్క బెర్తు పెద్దాయన చాలాసేపు ఆ సంచి వంక చూసి, "పెళ్లి సామానా అమ్మా?" అని అడిగారు.

దిగిన రోజున వంటశాలలో ముందు చూసింది ఆమె అత్తగారిని. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. సాయంత్రం టిఫిన్ల పొట్లాలు ఇప్పటికీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఆ పొట్లం కట్టే పద్ధతి కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది. కోసిన అరిటాకును నేరుగా మడిస్తే ఈనె దగ్గర పటుక్కున చీలుతుంది. అందుకని ముందు ముక్కలు చేసి, సన్నటి మంట మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పుతారు. ఆకుపచ్చ రంగు ముదిరి, పైన మైనంలా నిగనిగ వస్తుంది. అప్పుడది బట్టలాగా మెత్తబడి, ఎటు మడిచినా మాట వింటుంది. కింద ఒక కాగితం, మీద ఆకు, దాని మీద పులిహోరో పెరుగన్నమో. రెండు పక్కలా మడిచి, చివర్లు కిందికి తోసి, తెల్లదారం నాలుగు చుట్లు చుట్టి కొనను లోపలికి దోపుతారు. ముడి వేయరు. తినేవాడు ఒక్క లాగు లాగితే విడిపోవాలి. నూలు ఊరు కదా, దారానికి కరువు లేదు.

కింది కాగితం సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు అది పాత దినపత్రిక. అచ్చు సిరా ఆహారానికి అంటుకుంటుందని ఆహార భద్రతా సంస్థ 2018 నాటి ప్యాకింగ్ నిబంధనల్లో దినపత్రికను నిషేధించింది. ఇప్పుడు తెల్లకాగితం వాడుతున్నారు. "పొట్లం విప్పి తింటా సదువుకునేదానికి ఏమీ లేకుండా పోయింది" అని అత్తగారి ఫిర్యాదు.

ఆకుతో పేచీ లేనే లేదు. ఇడ్లీ, దోసె, పులిహోర, పెరుగన్నం ఆకులో సుఖంగా పోతాయి. తిన్నాక పారేస్తే ఆవు తింటుంది. మన గోదావరి జిల్లా వాళ్లకు ఈ విద్య కొత్తకాదు. అంబాజీపేటలో పనసాకులను బుట్టలా కుట్టి, పిండి పోసి, ఆ బుట్టలోనే ఉడికించి పెట్టే పొట్టిక్కలు తిన్నవారికి వేరే ప్యాకింగ్ గురించి చెప్పనక్కర్లేదు. ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు విస్తళ్లు, తెలంగాణలో మోదుగాకు విస్తళ్లు, ఇక్కడ దక్షిణ తమిళనాడులో మందారై ఆకు విస్తళ్లు, తూత్తుకుడి వైపు తాటాకు పెట్టెలు. విస్తళ్లకైతే ఎండిన ఆకును ఈనెపుల్లతో కుట్టడమే కిటుకు. పొడి వస్తువు ఉన్నంత కాలం మన పూర్వులకు ప్యాకింగ్ అన్నది సమస్యే కాలేదు.

సమస్యంతా ద్రవంతోనే. ఉత్తరాది భోజనం రొట్టె, కూరలతో సరిపోతుంది. మన దక్షిణాది భోజనం చూడండి: సాంబారు, రసం, కూటు, మజ్జిగపులుసు, పెరుగు, ఇంకా పాయసం ఉంటే అదీ. అన్నం ఒక్కటే గట్టిది, మిగతాదంతా కారేదే. అందుకే పాతకాలంలో హోటలు నుంచి సాంబారు కావాలంటే ఇంటినుంచి గిన్నె పట్టుకెళ్లేవాళ్లు. మూత, పిడి ఉన్న ఆ స్టీలు గిన్నెను ఇక్కడ తూక్కు అంటారు. తరువాత పల్చటి పాలిథిన్ సంచులొచ్చాయి. పొగలు కక్కే సాంబారును గరిటెడు అందులో పోసి, మెలితిప్పి, దారంతో బిగించి ఇచ్చేవాళ్లు. బెలూనులా ఉబ్బిన ఆ సంచి తమిళనాడంతా ముప్ఫై ఏళ్లు రాజ్యమేలింది. తూక్కు అటకెక్కింది.

2018 జూన్ 5న తమిళనాడు శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి ఒక ప్రకటన చేశారు. దాని ప్రకారం 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమల్లోకి వచ్చింది. చేతిసంచులు, ఆహారం చుట్టే షీట్లు, పళ్లేలు, స్ట్రాలు, నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ పూత గల పేపరు కప్పులు కూడా అందులో ఉన్నాయి. 2021 డిసెంబరు 23న ముఖ్యమంత్రిగా ఉన్న స్టాలిన్ 'మీండుమ్ మంజప్పై' అని పసుపు గుడ్డసంచి ఉద్యమం ప్రారంభించారు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా పళ్లేలు, చెంచాలు, కప్పులు వంటివాటికి నిషేధం వచ్చింది. ఇన్ని వచ్చినా మూత గల గట్టి ప్లాస్టిక్ డబ్బా మాత్రం ఆ 2022 జాబితాలో లేదు. హోటళ్లవాళ్లు సంచి మానేసి డబ్బాకు మారారు. సాంబారుకు బరువైన ఇల్లు దొరికింది, అంతే. నా అభిప్రాయంలో ఇది చట్టంలోని పెద్ద సందు. పల్చటి సంచికంటే ఆ డబ్బాలో ప్లాస్టిక్ ఎన్నో రెట్లు ఎక్కువ. పదిసార్లు కడిగి వాడుకునే వాళ్లూ ఉన్నారు కదా అంటారు. నిజమే, ప్రతి ఇంట్లోనూ అలమర నిండిన తరువాత ఏం చేస్తారన్నదే ప్రశ్న.

మధ్యాహ్నం పన్నెండున్నరకు మా పరీక్ష మొదలైంది. వరండాలో బల్ల మీద నేను తెచ్చిన డబ్బాలన్నీ పరిచి, పొయ్యి మీంచి దించిన సాంబారు ఒక్కో గరిటె పోసి మూతలు పెట్టాం. డెలివరీ కుర్రవాళ్లు కూడా పని మానుకుని చుట్టూ చేరారు.

చెరకు పిప్పితో అచ్చు పోసిన డబ్బా అందరికంటే బాగా నిలబడింది. చెరకు పిప్పి తమిళనాడుకు పాత చుట్టమే. కరూరు దగ్గర ప్రభుత్వ కాగితం మిల్లు ఎన్నో ఏళ్లుగా దానితోనే కాగితం చేస్తోంది. ముప్పావుగంటకు అడుగు కాస్త మెత్తబడింది గాని కారలేదు. మూత లోపల మాత్రం చెమట పట్టి, మూలల్లో పట్టు సడలింది. స్కూటరు మీద పెట్టి రైల్వే స్టేషను దాకా తిప్పి తెస్తే ఆ మూల నుంచే కారింది. రసం ఇంకా తొందరగా. పైగా అత్తగారు మజ్జిగపులుసు రుచి చూసి, "అట్టపెట్టె వాసన వస్తా ఉంది" అని తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

పోకమట్ట దొప్ప చూడడానికి అందంగా ఉంది, మూత లేదు. 'మొక్కజొన్న' అని చెప్పి అమ్మిన తెల్లడబ్బా వేడికి చలించలేదు, వాసనా లేదు. అందరూ సంతోషించారు గాని, ఇలాంటి వాటిలో కొన్నింటిలో మొక్కజొన్న పిండితో పాటు మామూలు ప్లాస్టిక్కూ కలుపుతారు. నిజమైన కంపోస్టు సరుకైతే దాని మీద ఆ మాట రాసి ఉండాలి, కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. నేను తెచ్చినదాన్ని తిరగేసి చూస్తే ఒక ఆకుబొమ్మ తప్ప ఏమీ లేదు. ఆకుబొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు! ఇక పారదర్శకంగా అద్దంలా మెరిసే మూత ఒకటుంది. అది మొక్కజొన్న నుంచి తీసిన పిఎల్ఏ అనే పదార్థం. సాంబారు ఆవిరి తగలగానే అది అప్పడంలా వంకర తిరిగింది. చల్లని పెరుగుకు పనికొస్తుంది, పొగలు వచ్చే దేనికీ కాదు.

చెరకు పిప్పి విషయంలో ఇంకో మాట. పీచు వట్టిదైతే నూనెనూ నీటినీ పీల్చేస్తుంది. పీల్చకుండా ఉండేందుకు కొందరు తయారీదారులు పిఎఫ్ఏఎస్ అనే రసాయనాలు కలుపుతూ వచ్చారు. ఇవి ఏళ్ల తరబడి నేలలో, నీళ్లలో విరగకుండా ఉండిపోతాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2023 జనవరి నుంచి ఇలాంటి ఆహారపు ప్యాకింగులో వీటిని నిషేధించింది. కనుక టోకు దుకాణంలో బేరం ఆడేటప్పుడు ధరతో పాటు ఇవి కలిపారా లేదా అన్న కాగితమూ అడగాలి. నేను అడిగిన నాలుగు దుకాణాల్లో ఒక్కరే ఆ మాట విన్నట్టు తలూపారు.

లెక్క దగ్గరకు వద్దాం. చెరకు పిప్పి డబ్బా ప్లాస్టిక్ డబ్బాకంటే ఇంచుమించు రెట్టింపు ధర పలికింది. "పెద్దడబ్బా ఒక్కటే అయితే ఎలాగో భరిస్తానే. సాంబారుకొకటి, రసానికొకటి, కూటుకొకటి, పెరుగుకొకటి... చిన్న కప్పులు నాలుగు చూడు. నన్ను ముంచేది అవే" అంది స్నేహితురాలు. నెలకు ఆ ఆఫీసు భోజనాల మీద మిగిలేది ఎంతో, కప్పుల ఖర్చు అదనంగా ఎంతో పక్కపక్కన రాసింది. రెండంకెలకూ పెద్ద తేడా లేదు. అంటే నెలంతా పొయ్యి దగ్గర నిలబడి కప్పుల కంపెనీకి వంట చేసి పెట్టినట్టు. ఆ ఆర్డరు వదిలేద్దామా అంటే, వంటకు సాయం చేసే నలుగురు ఆడవాళ్లలో ఇద్దరిని మానిపించాలి. అందులో ఒకామె మొదటిరోజు నుంచీ ఉన్న మనిషి. ఆ మాట వచ్చాక చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం నన్ను శ్రీవిల్లిపుత్తూరు తీసుకెళ్లింది. పదికిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆండాళ్ పుట్టిన ఊరు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగులోకి తెచ్చిన ఊరు. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకు ఏ కాలానికి తగిన భోజనం ఆ కాలంలో పెడుతూ ఉంటాడు. ఎండాకాలం ఒక వంట, వానాకాలం ఇంకో వంట. ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టడమే గాని పంపించే బాధ ఆయనకు లేకపోయింది, అదృష్టవంతుడు. గుడిలో అమ్మవారి చేతిలో చిలుక ఉంటుంది. అది రాతిదీ కాదు, బంగారందీ కాదు. ఆకులతో, ముక్కుకు దానిమ్మ పువ్వుతో, ఏ రోజు చిలుక ఆ రోజే కొత్తగా చేస్తారు. నా స్నేహితురాలు ఆ చిలుకను చాలాసేపు చూసింది. బయటకు వచ్చాక, "ఇది కూడా పొద్దున్న చేసి సాయంత్రానికి అయిపోయే సరుకే గదా" అని మాత్రం అంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఇక్కడి పాలకోవా అరకిలో కొన్నాం. అట్టపెట్టెలో ఇచ్చారు. పెట్టె లోపల పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం గాని, కోవా వెనక్కి ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్న తోటలో గొయ్యి తవ్వించింది. అసలు ఈ ఊరు రావడంలో నాకు ఎక్కువ ఉపయోగపడిన పని అదే. సంక్రాంతి వెళ్లాక ఒక దుకాణంవాడు ఇచ్చిన నమూనాలను కొబ్బరిచెట్ల మధ్య ఎరువు గోతిలో వేసి, పేడ, ఆకులు కప్పించి ఉంచిందట. నాలుగు నెలలు దాటింది. తీసి చూస్తే అరిటాకూ లేదు, కట్టిన దారమూ లేదు. చెరకు పిప్పి డబ్బా నల్లటి పీలికలైంది, చేత్తో నలిపితే మట్టి. అద్దం లాంటి పిఎల్ఏ మూత మాత్రం కడిగితే మళ్లీ వాడుకోవచ్చుననిపించేలా ఉంది. దాని మీద కంపోస్టబుల్ అన్న అక్షరాలు కూడా చెరగలేదు.

దుకాణంవాడు మోసం చేశాడని ఆమె అంది. మోసం కాదు. మన దేశంలో ఈ సరుకుకు ఐ.ఎస్. 17088 అనే ప్రమాణం ఉంది. ఆ పరీక్షలో పదార్థం ఆరునెలల్లో నూటికి తొంభై వంతులు విరిగిపోవాలి. కాని ఆ పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కంపోస్టు కేంద్రం పరిస్థితుల్లో చేస్తారు. పెరటి గోతికి అంత వేడి రాదు, వచ్చినా నాలుగు రోజులు నిలవదు. రోడ్డుపక్క చెత్తకుప్ప, కాలువ అయితే చెప్పనే అక్కర్లేదు. అన్ని సంచులూ ఒకటే కాదు, అదీ నిజమే. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులను 2021 ఆగస్టులో తిరుమల లడ్డు కౌంటర్ల దగ్గర అమ్మకానికి పెట్టారు. అవి మూడు నెలల్లో విరిగిపోతాయని అప్పుడు చెప్పారు. అయితే లడ్డు పొడి వస్తువు. మళ్లీ సాంబారు దగ్గరకే వస్తున్నాం చూశారా!

అన్నట్టు, కిందటి కార్తిక వనభోజనాల్లో మన సంఘం వాడిన వెండిరంగు పేపరు పళ్లేలు గుర్తున్నాయా? ఆ మెరుపంతా ప్లాస్టిక్ పూతే. ఈసారి విస్తళ్లు తెప్పించే బాధ్యత నాకిస్తే సంతోషంగా తీసుకుంటాను. కమిటీవారు చదువుతున్నారని ఆశ.

ఇక ఆఫీసు సంగతి. నేను చెరకు పిప్పి వైపే వాదించాను. కప్పులు తగ్గించు, సాంబారు రసం ఒక్కటే పంపు అన్నాను. "రసం లేని భోజనం ఈ ఊళ్లో భోజనమా? నాలుగో రోజు ఇంకొకరిని చూసుకుంటారు" అని కొట్టిపారేసింది. రోజూ వెళ్లే గుమ్మం అదే, తినే అరవై మందీ వాళ్లే, మధ్యాహ్నం వెళ్లిన కుర్రవాడు సాయంత్రం టిఫిన్ల వేళ మళ్లీ ఆ దారినే వెళతాడు. అలాంటప్పుడు పారేసే డబ్బా ఎందుకు, తిరిగివచ్చే కారియరే పంపితే? బొంబాయి డబ్బావాలాలు నూరేళ్లకు పైగా చేస్తున్నది అదే. తెలియని ఇళ్లకు, ఒక్కసారి ఆర్డరిచ్చేవాళ్లకు ఇది కుదరదు. వాళ్లకు అన్నం చెరకు పిప్పి డబ్బాలో, టిఫిను ఆకులో. సాంబారు కావాలంటే గిన్నె తెచ్చుకున్నవాళ్లకు ఒక గరిటె ఎక్కువ.

తేలిక అనుకోకండి. అరవై కారియర్లు, పాడైతే మార్చడానికి ఇంకో పది. ఆ డబ్బు ఒకేసారి పెట్టాలి. నగలు కుదువ పెట్టనని ఆమె పట్టుబట్టింది, వారం తిరిగి ఒక పాత్రల దుకాణంలో వాయిదాల మీద కుదుర్చుకుంది. తరువాత నీళ్లు. అయ్యనార్ కోయిల్ దగ్గర కొండ మీంచి దిగే ఏరు ఈ ఊరి తాగునీటికి ఒక ఆధారం. ఎండాకాలంలో ఆ ఏరు ఎలా ఉంటుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. రోజూ అరవై కారియర్లు, అంటే రెండువందల నలభై గిన్నెలు కడగాలి. మట్టిలో కలిసే డబ్బాకు ఈ ఖర్చు లేదు కదా అని నేనన్నాను. కడిగిన నీళ్లు కొబ్బరిచెట్లకు పోయేలా కాలువ తవ్విస్తానంది. సబ్బు సంగతి అడిగితే, "నువ్వింక చెన్నై పో" అంది.

ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. తిన్నాక మెతుకులు దులిపి, ఒకసారి తొలిచి పెట్టే పని వాళ్లది. మానిపించాలనుకున్న ఇద్దరు ఆడవాళ్లూ పనిలోనే ఉన్నారు. ఒకామె ఇప్పుడు వంట మాని గిన్నెలు లెక్కచూస్తోంది. మొన్న ఫోనులో చెప్పింది: మొదటి నెలలో కారియర్లన్నీ వచ్చాయి గాని మూతలు మూడు రాలేదట. గిన్నెలకు నంబర్లు చెక్కించింది, మూతలకు చెక్కించలేదు. శివకాశి రోడ్డులో చెక్కేవాడి దగ్గరకు ఆదివారం మూతలు పట్టుకెళుతోంది.